కరెక్ట్ అనకుండా వెళ్ళిపోయిన మేడం

మా స్పోకెన్ ఇంగ్లీష్ మేడం గారు పోయారని ఫోన్ చేసి చెప్పింది, నేను ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి. ఒకప్పుడు అదే క్లాసులో నా పక్క కుర్చీలో కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు తణుకులో ఒక పెద్ద కంపెనీలో డైరెక్టర్ గారికి సెక్రటరీ. ఆ ఉద్యోగం నాకు రావలసింది. రాకుండా చేసింది ఆ పోయిన మేడం గారే. ఆ సంగతికి వస్తాను.

"మేడం గారు ప్రభువు నందు నిద్రించేరండి," అంది ఫోన్లో. మేడం గారిది లూథరన్ చర్చి కుటుంబం, వాళ్ళలో అలాగే అంటారు. నాకు ముందు ఆ నిద్రించడమనే మాటే నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ కునుకు తీయడం ఎవరూ చూడలేదు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను ఆగి, క్లాసంతా తలలు వాల్చేస్తుంటే ఆవిడ ఒక్కతే నిటారుగా నిలబడి "సారీ టు ఇంటరప్ట్ యూ సర్" అని మా చేత నలభయ్యోసారి అనిపిస్తూ ఉండేది.

పోయినవాళ్ళ గురించి చెడు రాయకూడదంటారు. నేను చెడు రాయడానికి కూర్చోలేదు. అలాగని చందనం పూయడానికీ కూర్చోలేదు. ఆవిడంటే నాకు పడదు. మనిషి పోయినంత మాత్రాన కోపం కూడా వెంటనే పోవాలంటే అది నా వల్ల అయ్యే పని కాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, చదివినవాళ్ళు ఏమైనా అనుకోండి.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక స్టీలు సామాన్ల కొట్టు మీద ఉండేది ఆ క్లాసు. ఇరుకు మెట్లు. కొట్టువాళ్ళు ఆ మెట్ల మీదే గంగాళాలు బోర్లించేవారు, మేం పక్కకి తిరిగి ఎక్కేవాళ్ళం. ఊళ్ళో మిగతా స్పోకెన్ ఇంగ్లీష్ వాళ్ళందరూ ముప్పై రోజుల్లో మాట్లాడించేస్తామని బోర్డులు పెట్టుకుంటే, ఆవిడ బోర్డు మీద 'ఆఫీసు సెక్రటరీలకు మాత్రమే' అని ఉండేది. ఆవిడ అంతకు ముందు ఎక్కడో పెద్ద ఆఫీసులో సెక్రటరీగా చేసి, మానేసి వచ్చింది. ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు. అడగడానికి మాకు అన్ని గుండెలు లేవు.

ఇంగ్లీష్ క్లాసంటే పుస్తకాలుంటాయనుకుని వెళ్ళాను. అక్కడున్నది ఒక పొడుగు బల్ల, పది ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీలు. రోజూ ఒక మీటింగే. కుర్చీలు వెయ్యడంతో మొదలు, తియ్యడంతో ఆఖరు. ఆవిడ చైర్మన్ కుర్చీలో కూర్చునేది. మాలో ఒకళ్ళు సెక్రటరీ. అనుకున్న విషయం, ఆలస్యంగా వస్తున్న లారీల గురించి. ఆవిడ రెండు ముక్కలు దాని గురించి మాట్లాడి, ఉన్నట్టుండి లేని అల్లుడు కోరుకొండ దగ్గర స్థలం కొన్న కథ ఎత్తుకునేది. గట్లు, సర్వేయరు, బోరు, బావమరిది, అన్నీ వచ్చేవి. మేం ఆవిడని మర్యాదగా ఆపి మళ్ళీ లారీల దగ్గరికి తీసుకురావాలి. అదే పాఠం.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నోరెలా ఎత్తుతామండి?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఇంట్లో ఎత్తొద్దమ్మా. ఇక్కడ ఎత్తకపోతే నీ అయిదింటి బస్సు పోతుంది," అంది ఆవిడ.

ఇలాంటివి చాలా చెప్పేది. టీలు రెండో విషయం తేలాకే రావాలి, అంతకు ముందు వస్తే ఆ మీటింగు టీ పార్టీ అయిపోతుంది. బజ్జీలొచ్చాక ఏ తీర్మానమూ జరగదు. ఎవరు బాగా మాట్లాడారన్నది కాదు, ఎవరు ఏం చేస్తానన్నారో, ఎప్పటికి చేస్తానన్నారో, ఆ రెండే సెక్రటరీకి కావాలి. ఇవన్నీ ఆవిడ తిట్ల మధ్యలో చెప్పేది కాబట్టి అప్పట్లో తిట్లే వినిపించాయి. ఇప్పుడు రాస్తుంటే మిగతావి కూడా గుర్తొస్తున్నాయి, అందుకు నాకే చిరాగ్గా ఉంది.

ఆవిడ బల్ల మీద ఒక స్టీలు స్కేలు ఉండేది. మా మీద పడేది కాదు, బల్ల మీద పడేది, కానీ దెబ్బ మాకే తగిలినట్టుండేది. దానికి ముఖ్యమైన పని, మా 'అండి'ని తీసెయ్యడం. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళం, మాకు ఊపిరి ఎంతో అండి అంత. ఇంగ్లీషులో మాట్లాడినా చివర అది లేకపోతే ఎదుటివాళ్ళని ఏకవచనంలో పిలిచినంత తప్పుగా అనిపిస్తుంది. "గుడ్ మార్నింగ్ అండి", టప్. "ప్లీజ్ సిట్ డౌన్ అండి", టప్. నెలకల్లా అందరికీ పోయింది. నాకు పోలేదు.

"మర్యాద గొంతులో ఉండాలమ్మా, తోకలో కాదు," అనేది నన్ను చూసి.

అయితే నాకూ ఆవిడకీ చెడింది అండి దగ్గర కాదు, చదవడం దగ్గర. మీటింగు ముగిసే ముందు సెక్రటరీ లేచి నిలబడి, ఎవరు ఏం ఒప్పుకున్నారో పైకి చదవాలి. "ఈజ్ ఇట్ కరెక్ట్?" అని అందరినీ అడగాలి. చైర్మన్ "కరెక్ట్" అనాలి. అప్పుడు గానీ కుర్చీలు కదలకూడదు. ఆవిడ "కరెక్ట్. కుర్చీలు తియ్యండి," అనేది. అంతే, ఆ రోజుకి విడుదల. నేను రాయడంలో అందరికన్నా ముందుండేదాన్ని, మాట్లాడమంటే మాట్లాడేదాన్ని, కానీ లేచి నిలబడి నేను రాసింది నేనే పైకి చదవాలంటే నాలుక పిడచకట్టుకుపోయేది. నా చదువు విని ఎవరైనా నవ్వుతారేమోనని భయం. గొణిగి కూర్చునేదాన్ని.

ఒకరోజు ఆవిడ నన్ను మెట్ల మీదకి తీసుకెళ్ళింది. "కింద కొట్టాయనకి వినిపించేదాకా చదువు," అంది. కింద గంగాళాలు సర్దుతున్న పనివాళ్ళు తలలెత్తి చూశారు. కొట్టాయన పాపం మంచివాడు, మొదటిసారికే "ఆయ్, వినిపించిందమ్మా," అన్నాడు. ఆవిడ మెట్ల పైనుంచి, "మీరు అబద్ధం చెప్పకండి," అంది ఆయనతో. మళ్ళీ చదివాను. మూడోసారికి పనివాళ్ళు నవ్వడం మొదలెట్టారు. నేను పైకి రాకుండా అటునుంచి అటే దిగి బస్సెక్కి మా ఊరు కడియం వెళ్ళిపోయాను. ఆ రోజు నుంచీ ఆవిడంటే నాకు మంట.

చివరి రోజు తణుకు నుంచి కంపెనీవాళ్ళ మనిషి వచ్చాడు, ఒకళ్ళని ఎంచుకుని తీసుకెళ్ళడానికి. ఆ రోజు మీటింగు నడిపింది నేను. అల్లుడి స్థలం కథ రెండో వాక్యంలోనే ఆపాను. టీలు సరైన వేళకి తెప్పించాను. ఆయన ముచ్చటపడి చూస్తున్నాడు. ఆఖర్న చదవడానికి లేవబోతే ఆయన గడియారం చూసుకుని "చాల్లెండి," అన్నాడు. నేను సంతోషంగా కూర్చున్నాను. ఆవిడ ఆయన వైపు తిరిగి, నా ఎదురుగానే, "ఈ అమ్మాయి వద్దండి. అన్నీ వచ్చు, అసలుది రాదు," అంది. ఆయన నా పక్క కుర్చీ అమ్మాయిని తీసుకెళ్ళాడు.

మా నాన్న నర్సరీలో మొక్కలకి అంట్లు కడతాడు. మా అమ్మ అప్పటికే వీధి వీధంతా తణుకు ఉద్యోగమని చెప్పేసింది. ఆఖరి రోజు అందరికీ ఇచ్చే సర్టిఫికెట్ కూడా తీసుకోకుండా నేను మెట్ల మీద ఆగి, "మీ సర్టిఫికెట్ మీ దగ్గరే పెట్టుకోండి," అన్నాను.

"పెట్టుకుంటాను," అంది ఆవిడ.

తరువాత నేను కడియంలోనే ఒక పెద్ద నర్సరీ ఆఫీసులో చేరాను. అక్కడ మీటింగులంటే మేనేజరు గారు మాట్లాడటం, మిగతావాళ్ళు తలూపడం. ఎవరేమన్నారో మినిట్స్ రాయమనేవారు, ఎవరూ చదివేవారు కాదు. నేనూ చదివి వినిపించలేదు. నాకది రాదని ఒకావిడ ఊరందరి ఎదుట చెప్పింది కదా, అది రాకుండానే బతకగలనని చూపిద్దామనుకున్నాను.

ఒకసారి పూణే నుంచి ఇద్దరు వచ్చారు, కొత్తగా కడుతున్న కాలనీకి తాటి జాతి మొక్కలు కావాలని. పెద్ద ఆర్డరు. మా ఓనరు గారు ఊళ్ళో లేరు. మేనేజరు గారు ఊపు మీదుండి, దారిలో ఎన్ని మొక్కలు ఎండిపోయినా అన్నీ మా సొంత లారీలో మళ్ళీ పంపిస్తామని మాటిచ్చేశారు. నేను రాసుకున్నాను. లేవబోతూ ఆయన నా నోట్‌బుక్ వైపు చూసి, "ఏం గీకేవో ఏంటో," అన్నారు వాళ్ళ ముందు.

నాకు ఎక్కడ లేని కసి వచ్చింది. ఆయన మీద సగం, మేడం గారి మీద సగం. లేచి నిలబడ్డాను. చేతిలో కాగితం గడగడలాడుతోంది. ఒక్కొక్క ముక్కా పైకి చదివాను. ఆఖర్న లారీ ముక్క కూడా చదివి, "ఈజ్ ఇట్ కరెక్ట్ అండి?" అన్నాను.

పూణే వాళ్ళు పకపకా నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా మేనేజరు గారు. నన్ను వెక్కిరిస్తూ, చేతులు జోడించి మరీ, "ఎస్ అండి, కరెక్ట్ అండి," అన్నారు. వాళ్ళు ఇంకా నవ్వారు. నేను బయటికొచ్చి ఎరువు బస్తాల వెనక నిలబడి ఏడ్చాను. ఏ భయంతో అన్నాళ్ళూ నోరు మూసుకున్నానో అదే జరిగింది.

ఆ ఎండాకాలం లారీ దారిలో చెడిపోయింది. మొక్కల్లో సగానికి పైగా మాడిపోయాయి. పూణే వాళ్ళు మాట ప్రకారం మళ్ళీ పంపమన్నారు. ఓనరు గారు మండిపడి మేనేజరుని పిలిస్తే, ఆయన, "నేనలా ఎందుకంటానండి? ఈ అమ్మాయికి ఇంగ్లీష్ రాదు, తోచింది రాసేసింది," అన్నారు. ఓనరు గారు నావైపు తిరిగి, "అనని మాట రాయడమేంటమ్మా? మీ నాన్న కూడా మన దగ్గరే కదా చేస్తున్నాడు," అన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. పోయేది నా ఉద్యోగం ఒక్కటే కాదు. తప్పుడు మినిట్స్ రాసిందన్న పేరు వస్తే కడియం చుట్టుపక్కల ఏ నర్సరీలోనూ నాకు మళ్ళీ ఆఫీసు కుర్చీ ఉండదు.

"ఒకసారి వాళ్ళకే ఫోన్ చెయ్యండి," అన్నాను. ఇంకేం అనగలను.

ఓనరు గారు స్పీకర్ పెట్టి చేశారు. పూణే ఆయనకి నా పేరు గుర్తు లేదు. "మీ ఆఫీసులో ఆ అండి మేడం పైకి చదివింది కదా," అన్నాడు. "లారీ సంగతి చదివింది. మీ మేనేజరు కూడా అండి అన్నాడు, కరెక్ట్ అండి అన్నాడు. మేం ఎయిర్‌పోర్టు దాకా అదే అనుకుని నవ్వుకుంటూ వెళ్ళాం."

ఓనరు గారు ఫోన్ పెట్టేశారు. మొక్కలు పంపించారు. మేనేజరు గారి ఉద్యోగమేమీ పోలేదు, అలాంటివాళ్ళవి పోవు. కాకపోతే ఆ రోజు నుంచీ మా ఆఫీసులో నేను చదవనిదే ఎవరూ కుర్చీలోంచి లేవరు. ఆయనైతే నేను చదువుతున్నంత సేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు.

ఆ ఫోన్ మర్నాడే రాజమండ్రిలో మేడం గారి దగ్గరికి వెళ్ళాను. చేతులూపుకుంటూ వెళ్ళాను. తగువుకి వెళ్ళేవాళ్ళు పళ్ళూ పూలూ పట్టుకెళ్ళరు. ఆవిడ ఒక్కతే కూర్చుని కుర్చీలు తుడుస్తోంది. జరిగిందంతా చెప్పి, "మీరు స్కేలుతో కొట్టి కొట్టి మాన్పించాలనుకున్న ఆ అండియే నన్ను నిలబెట్టింది," అన్నాను. ఈ ముక్క అనడానికి కడియం నుంచి బస్సులో లోపల్లోపల చదువుకుంటూ వచ్చాను.

ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది. "అండి కాదమ్మా. చదివేవు. చదవబట్టి నవ్వేరు, నవ్వబట్టి గుర్తుంది. నోరు మూసుకుని కూర్చుంటే నీ అండి ఎవడికి గుర్తుండేది?"

"అయితే సర్టిఫికెట్ ఇస్తారా?"

"చదివేటప్పుడు కాగితం వణికిందా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎందుకో చెప్పలేకపోయాను. "వణికింది," అన్నాను.

"ఏడిచేవా?"

"తరువాత."

"అయితే ఇంకా రాలేదు. నవ్వితేనే ఏడిచేవు. రేపెవడో నవ్వకుండా కళ్ళెర్రజేస్తే ఏం చేస్తావు?" అని మళ్ళీ గుడ్డ తీసుకుంది.

ఒక్క మాట. బాగా చేశావు అనక్కర్లేదు. కరెక్ట్ అంటే చాలు. అది అనడానికి ఆవిడకి నోరు రాలేదు. నేను మెట్లు దిగేశాను, మళ్ళీ ఎక్కలేదు. ఆరేళ్ళు ఒకే ఊరి చుట్టూ తిరిగాం, ఒకరినొకరు చూసుకోలేదు. ఆ ఆరేళ్ళూ ప్రతి మీటింగులోనూ చదివాను. ఒక్కోసారి ఆవిడ మీద కోపంతోనే చదివేదాన్ని, ఇప్పుడు చూడు, ఇప్పుడు చెప్పు, అని మనసులో అనుకుంటూ. ఆవిడ వింటున్నట్టే ఉండేది. అందుకే ఆవిడ పోయిందంటే నాకు కలిగింది దుఃఖమో, ఇంకా తగువు తేలకుండానే లేచి వెళ్ళిపోయిందన్న ఉక్రోషమో ఇప్పటికీ తెలియదు. రెండూ అనుకుంటాను.

పాత విద్యార్థులందరం కలిసి ఆ క్లాసులోనే సంతాప సభ పెట్టాం. మేమే ఇరవై మందిమి, ఊరి పెద్దమనుషులు కొందరు కూడా వచ్చారు. పది కుర్చీలు చాలక కింద కొట్టాయన ఇంకో ఇరవై పంపించాడు. నేను ముందుగా వెళితే, తణుకు ఆవిడ బీరువాలోంచి ఒక సర్టిఫికెట్ తీసి నా చేతిలో పెట్టింది. "మీదే అండి. మిగతావి ఏం లేవు, ఇదొక్కటే ఉంది," అంది.

నా పేరు, క్లాసు పేరు, అన్నీ ఆవిడ దస్తూరీలో గుండ్రంగా రాసి ఉన్నాయి. సంతకం లేదు. రాసి పెట్టుకుంది, సంతకం చెయ్యలేదు. ఇన్నేళ్ళలో పెన్ను తియ్యడానికి తీరిక దొరకలేదు కాబోలు. కోపంతో నా కళ్ళు మండాయి. అవి కోపం వల్లే మండాయని తణుకు ఆవిడకి కూడా చెప్పాను.

సభలో అందరూ మాట్లాడారు. ప్రేమమూర్తి అన్నారు. కన్నతల్లి అన్నారు. పరుషంగా ఒక్క మాట అని ఎరగదన్నారు. వింటే ఆవిడ స్కేలు విరగ్గొట్టేది. ఆవిడతో రెండు రోజులైనా మెలగని పెద్దమనుషులు ఆవిడని పంచదార బొమ్మని చేస్తుంటే, ఆవిడ మీద నాకున్న మంటంతా వాళ్ళ మీదకి మళ్ళింది. తిట్టుకోవాలన్నా ఆవిడ సంగతి తెలిసుండాలి కదా.

తరువాత మాటలివ్వడం మొదలైంది. క్లాసు ఆగిపోకూడదన్నారు. కొట్టాయన, వచ్చే ఎండాకాలం దాకా గది వేరే ఎవరికీ ఇవ్వనన్నాడు. తణుకు ఆవిడ ఆదివారాలు వచ్చి పాఠం చెబుతానంది. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చే నెలకల్లా కొత్త బల్ల చేయిస్తానన్నాడు, అని అక్కడితో ఆగకుండా తన కాశీ ప్రయాణం సంగతి ఎత్తుకున్నాడు. ఇంతలో ఎవరో టీలు, బజ్జీలు తెచ్చేశారు. వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. ఇంకో నిమిషంలో అందరూ లేచిపోతారు, ఇచ్చిన మాటలు బజ్జీల నూనె కాగితాలతో పాటే పోతాయి. క్లాసూ పోతుంది.

నన్నెవరూ మాట్లాడమనలేదు. లేచాను.

"సారీ టు ఇంటరప్ట్ యూ సర్," అన్నాను.

కాశీ ఆగింది. చేతికి దొరికిన కాగితం వెనక అప్పటికే అన్నీ రాసుకున్నాను. ఎవరు, ఏం, ఎప్పటికి. మూడూ పైకి చదివాను, ఒక్కొక్కళ్ళ మొహం చూస్తూ చదివాను. బల్ల సంగతికి ఆ పెద్దమనిషి నవ్వలేదు, కళ్ళెర్రజేశాడు. ఆపలేదు, బల్ల ఏ నెలకి వస్తుందో కూడా చదివాను. కాగితం వణకలేదు. అది సర్టిఫికెట్ అట్ట, మందం కాబట్టి వణకలేదో, నేనే వణకలేదో చెప్పలేను.

"ఈజ్ ఇట్ కరెక్ట్ అండి?" అన్నాను.

అండి అనగానే మేం ఇరవై మందిమీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాం, టప్‌మని వినిపిస్తుందని. వినిపించలేదు. స్కేలు బల్ల చివర ఆవిడ పెట్టినచోటే ఉంది.

ముందు వరసలోంచి కొట్టాయన, "వినిపించిందమ్మా," అన్నాడు మెల్లగా.

పెద్దమనిషి మొహం గంటు పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళూ వెళ్ళారు. మెట్ల మీద గంగాళాలు తగిలిన చప్పుడు వినిపించింది. మేం ఇరవై మందిమీ కూర్చునే ఉన్నాం. బజ్జీలు చల్లారిపోతున్నాయి. తణుకు ఆవిడ నావైపు చూసింది, నేను ఖాళీగా ఉన్న చైర్మన్ కుర్చీ వైపు చూశాను, కరెక్ట్ అన్న మాట అక్కడి నుంచే రావాలి. అందరి చేతులూ కుర్చీల అంచుల మీదే ఉన్నాయి. ఒక్కరూ లేవలేదు.